మెదడులోని కావలి కణాలు

శరీరానికి గల రోగనిరోధకశక్తి రెండు విధాలని విద్యార్థులు చదివే ఉంటారు. టీకా వేయించుకొన్న తరువాతనో, జబ్బుపడి లేచిన తరువాతనో వచ్చేది ఆర్జితం. పుట్టుకతోనే ఉండేది సహజం. ఈ రెండవదాన్ని చాలాకాలం మోటురక్షణగా ఎంచి, పాఠ్యగ్రంథాలు ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టేవి. వార్ధక్యంలో జ్ఞాపకశక్తిని హరించే అల్జీమర్ వ్యాధిలో దీని పాత్ర చిన్నది కాదని ఇటీవలి పరిశోధనలవల్ల తెలియవచ్చింది.

ఈ సహజరక్షణ శత్రువును ఎట్లా పోల్చుకొంటుంది? కణం పైపొరమీద, కొన్ని సందర్భాలలో కణం లోపల, గ్రాహకాలనే ప్రోటీనులు ఉన్నవి. సూక్ష్మజీవులలో ఉండి మన దేహంలో లేని పదార్థమేదైనా వీటికి తగులుకొంటే కణం మేల్కొంటుంది. వీటి జాడ మొదట పండ్ల ఈగలో దొరికింది. టోల్ అనే జన్యువు చెడిన ఈగలు బూజుజాతి క్రిములు సోకి చనిపోతున్నవని 1996లో ఫ్రాన్సులో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపింది. 1998లో అమెరికాలో బ్రూస్ బాయిట్లర్ బృందం ఎలుకలలో అదే కుటుంబానికి చెందిన గ్రాహకాన్ని గుర్తించింది. 2011 నోబెల్ బహుమానంలో వీరిద్దరికీ భాగం లభించింది.

మెదడులో ఈ గ్రాహకాలను ధరించి తిరిగేవి ముఖ్యంగా మైక్రోగ్లియా కణాలు. స్పెయిన్ శాస్త్రజ్ఞుడు రియో ఒర్తేగా 1919లో వీటికి ఆ పేరు పెట్టాడు. తరగతిగదిలో వేలాడదీసే పటాలలో నాడీకణాన్ని కొమ్మలతో సహా విపులంగా చిత్రిస్తారు గాని, దాని పొరుగున ఉండే ఈ కావలివానికి చోటివ్వడం అరుదు. బ్రతికి ఉన్న ఎలుక మెదడును 2005లో సూక్ష్మదర్శినితో పరిశీలించినప్పుడు, ఇవి సన్నని చేతులను చాచుతూ, ముడుచుకొంటూ చుట్టుపక్కలను నిత్యం తడుముతూ కనిపించినవి.

1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్, మతి చెడి 55 ఏండ్లకే మరణించిన ఒక స్త్రీ మెదడులో మచ్చలవంటి ఫలకాలను వర్ణించాడు. ఎమిలాయిడ్ బీటా అనే ప్రోటీను తునకలు పేరుకొని ఆ ఫలకాలు ఏర్పడతవి. ఇది బయటినుండి వచ్చిన క్రిమి కాదు, మన కణాలు తయారుచేసిందే. అయినా సూక్ష్మజీవులకోసం ఏర్పడిన గ్రాహకాలు కొన్ని దీనికీ తగులుకొంటవి. అప్పుడు మైక్రోగ్లియాలో ఎన్.ఎల్.ఆర్.పి.3 అనే మరొక గ్రాహకం పనిచేసి, శోథను రగిల్చే పదార్థాన్ని వెలువరిస్తుంది. గాయం చుట్టూ చర్మం ఎర్రబడి వాచడాన్ని కలిగించేది ఈ శోథయే. అది ఏండ్ల తరబడి ఆరకుండా సాగితే పక్కనున్న నాడీకణాలు దెబ్బతింటవి. అల్జీమర్ లక్షణాలు వచ్చేటట్లు పెంచిన ఎలుకలలో ఎన్.ఎల్.ఆర్.పి.3 లేకుండా చేస్తే ఫలకాలు తగ్గి, జ్ఞాపకశక్తి చాలవరకు నిలిచిందని 2013లో ప్రకటించారు.

అయితే కావలివానిని నిద్రపుచ్చితే చాలునా? అదే సంవత్సరం ఐస్‌లాండు ప్రజల జన్యువులను పరిశీలించినవారి ఫలితం ఇందుకు అడ్డువచ్చింది. మైక్రోగ్లియామీదనే ఉండే ట్రెమ్‌2 అనే గ్రాహకంలో 47వ స్థానంలో ఆర్జినీన్‌కు బదులు హిస్టిడీన్ ఉన్నవారికి అల్జీమర్ వచ్చే అవకాశం సుమారు మూడురెట్లని తేలింది. మారినది ఒకే ఒక అమైనో ఆమ్లం! ఆ మార్పువల్ల గ్రాహకం బలహీనపడుతుంది; మైక్రోగ్లియా ఫలకాన్ని చుట్టుముట్టి కట్టడి చేయలేదు. తల్లిదండ్రులిరువురినుండి వచ్చిన ట్రెమ్‌2 జన్యువులు రెండూ పనిచేయనివారికి నాసు-హకోలా అనే అరుదైన వ్యాధి వచ్చి, ఎముకలు గుల్లబారి, నడివయసులోనే మతి చెడుతుంది.

అంటే ఒక గ్రాహకం మితిమీరి పనిచేస్తే హాని, మరొకటి చాలినంత పనిచేయకపోతే హాని. వైద్యులకు కలిగిన చిక్కు ఇదే. శోథను తగ్గించే నాప్రాక్సెన్, సెలికాక్సిబ్ మందులను వృద్ధులకిచ్చిన పరీక్షను, గుండెకు కీడు కలుగుతుందేమోనన్న భయంతో 2004లో ఆపివేశారు; అవి అల్జీమర్‌ను నివారించినట్లు తేలలేదు. దీనికి విరుద్ధంగా ట్రెమ్‌2ను ఉత్తేజపరిచే ప్రతిరక్షకాన్ని తొలిదశ రోగులకిచ్చి చూస్తే, అదీ వ్యాధివేగాన్ని తగ్గించలేదని 2024లో వెల్లడైంది.

ఎలుకలలో ట్రెమ్‌2ను తొలగించినప్పుడు తొలిదశలో ఫలకాలు తగ్గినవి, ముదిరిన దశలో పెరిగినవి. కనుక మందుతోపాటు దాన్ని ఇచ్చే వేళను కూడా నిర్ణయించవలసి ఉన్నది. ఇందుకోసం పరిశోధకులు వెన్నుద్రవాన్ని సూదితో తీసి, మైక్రోగ్లియానుండి రాలిన ట్రెమ్‌2 తునకలు అందులో ఎన్ని ఉన్నవో కొలుస్తున్నారు.