చంద్రముఖి యను పేరు కథకు తగునా?

ఆంధ్ర, తమిళ, కన్నడ సీమల పొలిమేరలు కలియు చిత్తూరు మండలమున, ఒకే కథ పలుభాషలలో పలుపేర్లతో వెలసినప్పుడు ఏ పేరు దానికి తగినదను విచారము సహజము. మలయాళమున 1993లో ఫాజిల్ దర్శకత్వమున ‘మణిచిత్రతాళు’గా వచ్చిన గాథ, 2004లో పి. వాసు చేతిలో కన్నడమున ‘ఆప్తమిత్ర’యై, మరుసటి యేట ఆయన చేతనే తమిళమున ‘చంద్రముఖి’యై, ఆ పేరుతోనే తెలుగులోనికి అనువదింపబడినది.

భర్తతో పాతసౌధమునకు వచ్చిన గంగ, అచ్చట పూర్వము ప్రభువు చేతిలో హతమైన నర్తకి వృత్తాంతము విని, తానే ఆ నర్తకినని నమ్మి, ఆమె పగను తన పగగా వహించును. ఇంటివారు దయ్యమందురు, మనోవైద్యుడు వ్యాధియనును, వైద్యుని మాటయే నెగ్గును.

మలయాళ చిత్రము ఆ సౌధమున మూసియున్న గది తలుపునకు వేసిన తాళమును పేరుగా గ్రహించినది. ఆ గదితోపాటు గంగ మనస్సున మూతపడియున్నదియు తెరచుకొనును గావున అంతకన్న ఉచితమైన పేరు లేదని నా నమ్మకము. కన్నడమున పేరు ఆప్తమిత్రుడైన వైద్యునికి దక్కినది. మన పొలిమేరకు ఆవల ముళబాగిలు ప్రాంతమున పుట్టి, తెలుగువారి ఆడపడుచైన సౌందర్య అందు గంగగా నటించినది. 2004 ఏప్రిల్ 17న విమానప్రమాదమున ఆమె గతించిన కొన్ని మాసములకు ఆ చిత్రము విడుదలైనది. ఆ నటన తలచినప్పుడెల్ల, పేరు గంగ పక్షమున నిలువకపోవుట నన్ను బాధించును.

ఇక చంద్రముఖి, తమిళమున ఆ నర్తకి పేరే. మలయాళమున నర్తకి తంజావూరి తమిళవనిత. తమిళమున ఆంధ్రదేశపు విజయనగరమునుండి తేబడిన తెలుగువనిత. ప్రతి సీమయు తన భూతమును పొరుగుసీమనుండి తెచ్చుకొన్నది! తనది కాని భాష గంగ నోట వెలువడుటయే ఆమె రోగమునకు ప్రబలమైన లక్షణము. తమిళ చిత్రమునందు సైతము ఆ నర్తకి పాట తెలుగుననే యుండుట అందులకే. తెలుగు ప్రేక్షకునికి ఆ పరాయితనము తెలియక, పేరొక్కటే మిగిలినది. ఆ పేరు భయమునకు తగినది. కథకు తగినది కాదు. దయ్యము లేదని తేల్చు కథకు దయ్యము పేరే పెట్టినచో, చూచినవాడు ఇంటికి గొనిపోవునది దయ్యమునే.

మన పల్లెలలో మనస్సు చెదరిన ఇల్లాలిని ‘గాలి సోకిన’దని భూతవైద్యుని కడకు గొనిపోవుట నేటికిని ఉన్నది. వైద్యుని మాటను నెగ్గించిన కథ అట్టివారికి ఎంతో మేలు చేయగలిగియుండెడిది. అయినను 2010లో పి. వాసు వెంకటేశ్ నాయకుడుగా తెలుగుననే తీసిన తరువాయి చిత్రమునకు కూడ మలయాళ నర్తకి నామమే, ‘నాగవల్లి’ యని, నిలిపెను.