మన కోతి తగ్గిపోతోంది

పెనుకొండ కోట దారిలో పొద్దున ఎండెక్కకముందే ఓ రాయి మీద కూర్చుని, దిగివచ్చే కోతుల గుంపును తీరిగ్గా చూడండి. నడినెత్తిన పాపిట తీసి, చుట్టూ వెంట్రుకలు దువ్వి, టోపీ తగిలించినట్టు ఉంటుంది తల. తోక ఒంటికన్నా పొడవు. చింతకాయ దొరికితే అక్కడే నమలదు. దవడ సంచిలోకి ఒకటి, రెండు, మూడు కుక్కుకుని, బుగ్గ ఉబ్బాక ఎత్తయిన చోటికి పోయి, చేత్తో బయటినుంచి బుగ్గను నొక్కి ఒక్కొక్కటే నోట్లోకి తెచ్చుకుంటుంది. రెండు పెద్ద మగకోతులు ఎదురుపడితే కొట్లాటే అనుకుంటాం. చాలాసార్లు అవి కావిలించుకుంటాయి, పక్కపక్కనే చేరి ఒకదాని ఒళ్లు ఒకటి గిల్లి శుభ్రం చేసుకుంటాయి. కోతిజాతుల్లో పెద్ద మగవాటి మధ్య ఇంత సఖ్యత అరుదు.

శాస్త్రవేత్తలు ఈ జాతికి పెట్టిన పేరు మకాకా రేడియాటా. ఇంగ్లిష్‌లో బానెట్ మకాక్. మనం ఉట్టి కోతి అంటాం. దక్షిణ భారతంలో తప్ప ఇది ప్రపంచంలో మరెక్కడా లేదు.

హిందూపురంలో అడిగినా ధర్మవరంలో అడిగినా కోతులు ఎక్కువైపోయాయనే చెబుతారు. శెనక్కాయ చేనుకు కాపలా లేకపోతే పంట దక్కదు. పెంకుటింటి పెంకులు నిలవవు, డాబా మీద వడియాలు ఆరవు. రైతు కష్టం నిజం, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కానీ 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ ఇదే కోతిని, అంతవరకూ ‘దీనికేం ఢోకా లేదు’ అన్న వరుసలో ఉన్నదాన్ని, అంతరించే ముప్పున్న జీవుల జాబితాలో చేర్చింది. ఊళ్లో ఎక్కువైపోయిన జీవి దేశంలో తగ్గిపోవడం ఎలా? ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే కోతులను ఏళ్ల తరబడి కూర్చుని చూసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

అలా చూడటం ఎలాగో లోకానికి నేర్పింది జేన్ గూడాల్. 1960 జులై 14న ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు ఒడ్డున, గొంబే అడవిలో ఆమె అడుగుపెట్టినప్పుడు వయసు 26. చేతిలో డిగ్రీ లేదు. ఒంటరి ఆడపిల్లను అడవికి పంపబోమని అధికారులు పట్టుబడితే తల్లి వెంట వచ్చింది. నెలల తరబడి చింపాంజీలు ఆమెను చూసి పారిపోయాయి. చివరికి ఒక మగది నిలబడింది. ఆమె డేవిడ్ గ్రేబియర్డ్ అని పేరు పెట్టుకున్నది అదే. అది గడ్డిపోచను చెదపుట్టలో దూర్చి, పట్టుకున్న చెదలను పెదవులతో జుర్రుకోవడం ఆమె చూసింది. పనిముట్టు మనిషి సొత్తు మాత్రమేనన్న నమ్మకం అక్కడితో పోయింది. ఈ కథ చాలామందికి తెలిసిందే.

నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించేది ఆమె పేర్లు పెట్టడం. జంతువులకు నంబర్లు వేయాలి, పేర్లు పెట్టకూడదు అని కేంబ్రిడ్జి పెద్దలు తప్పుపట్టారు. ఆమె మార్చుకోలేదు. 1965లో అక్కడే పీహెచ్‌డీ అందుకుంది. ఆమె పేర్లు పెట్టిన చింపాంజీల్లో ఫ్లో అనే ముసలి తల్లి, దాని చివరి కొడుకు ఫ్లింట్ ఉన్నాయి. 1972లో ఫ్లో చనిపోయింది. ఎనిమిదేళ్లు దాటిన ఫ్లింట్ తిండి మానేసి, నెల తిరగకుండానే తల్లి వెనకే పోయింది. నంబర్లుగా చూసినవాళ్లకు ఇది రెండు మరణాలు. పేర్లుగా, పన్నెండేళ్లపాటు చూసినామెకు అదొక కుటుంబం చరిత్ర.

గూడాల్‌లాగే వానరాల మధ్య ఏళ్లు గడిపిన మరో ఇద్దరు ఆడవాళ్ల కథా ఇలాంటిదే. రువాండా పొగమంచు కొండల్లో 1967లో కరిసోకే శిబిరం పెట్టిన డయాన్ ఫాసీ గొరిల్లాల కోసం వేటగాళ్లతో పోరాడి, 1985 డిసెంబరులో తన గుడిసెలోనే హత్యకు గురైంది. ఆ తర్వాత కూడా కాపలా ఆగలేదు. 2018 నాటికి కొండ గొరిల్లాల లెక్క వెయ్యి దాటింది. ఇండోనేషియా బోర్నియో వానడవిలో 1971 నుంచి ఒరాంగుటాన్లను చూస్తూ వచ్చినామె బిరుటే గాల్డికాస్. ఒరాంగుటాన్ తల్లి ఒక బిడ్డకూ మరో బిడ్డకూ మధ్య ఏడెనిమిదేళ్లు తీసుకుంటుంది. ఆ అడవులను నరికి పామాయిల్ తోటలు వేశారు. పామాయిల్ కొనడంలో ప్రపంచంలోనే ముందున్నది మన దేశం, ఎక్కువ భాగం వచ్చేది ఇండోనేషియా, మలేషియాల నుంచే. హిందూపురం బస్టాండు బజ్జీల మూకుడుకూ ఆ చెట్లకూ ఉన్న దూరం మనం అనుకున్నంత లేదు.

మన దేశంలో తోకలేని వానరాలు ఈశాన్యపు అడవుల్లోని హూలాక్ గిబ్బన్లు మాత్రమే. దక్షిణాదిన వానడవిని నమ్ముకున్నది సింహతోక కోతి. నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు. నేల మీద కాలు పెట్టడం తక్కువ, పడమటి కనుమల చెట్ల కొమ్మల మీదే దాని సంసారం. మైసూరు విశ్వవిద్యాలయ ఆచార్యుడు మేవా సింగ్, ఆయన శిష్యుడు హొన్నవల్లి కుమార ఈ కోతి కోసం కర్ణాటక అడవులు గాలించారు. శిరసి-హొన్నావర అడవుల్లో ముప్పైకి పైగా గుంపులను లెక్కగట్టాక అక్కడ ప్రత్యేక రక్షిత ప్రాంతం ఏర్పడింది. తమిళనాడు వాల్పారైలో తేయాకు తోటల మధ్య ముక్కలైపోయిన అడవిలో ఈ కోతులు రోడ్డు దాటుతూ బండ్ల కింద పడుతుంటే, చెట్టు నుంచి చెట్టుకు వంతెనలు కట్టారు.

ఆనమలై కొండల్లోని ఆ అడవి ముక్కల్లో తిరిగిన గోవిందస్వామి ఉమాపతి తర్వాత హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు వచ్చారు. అక్కడి లాకోన్స్ ప్రయోగశాలలో జంతువును పట్టకుండా, మత్తు ఇవ్వకుండా, అడవిలో ఏరుకొచ్చిన పేడ, పెంటికల్లోని హార్మోన్లు కొలిచి అది ఎంత ఒత్తిడిలో ఉందో, చూలుతో ఉందో లేదో చెప్పగలరు. ముట్టుకోకుండా తెలుసుకోవడమే ఈ పనిలోని గొప్ప. బెంగళూరులోని నియాస్ సంస్థలో పనిచేసే సింధు రాధాకృష్ణ దిండిగల్ పొదల్లో దేవాంగపిల్లి వెనక రాత్రిళ్లు తిరిగి పరిశోధన చేశారు. అరచేతిలో పట్టేంత ప్రాణి, పగలు నిద్ర, రాత్రి మేత. దాన్ని చదవాలంటే మనిషి తన పగలూ రాత్రీ తారుమారు చేసుకోవాలి.

ఇప్పుడు మన ఉట్టి కోతి దగ్గరికి వద్దాం. మేవా సింగ్ బృందం మైసూరు చుట్టుపక్కల రోడ్ల వెంట కోతి గుంపులను పాతికేళ్ల పాటు లెక్కపెట్టింది. 2017లో అచ్చయిన ఫలితం: 65 శాతానికి పైగా తగ్గాయి. వాళ్లు ఎత్తిచూపిన పెద్ద కారణం చెట్లు. పాత రోడ్లకు రెండువైపులా పెద్దలు నాటిన మర్రి, రావి, జువ్వి చెట్లే ఈ కోతులకు ఇల్లు, తిండి. రోడ్లు వెడల్పు చేస్తూ వాటిని కొట్టేశారు. అడవి లోపలే బతికే కోతి కాదిది, రోడ్డు పక్క చెట్టు మీదా గుడి రావిచెట్టు మీదా మనతోపాటు బతికిన కోతి. చెట్టు పోయాక మిగిలినవి డాబాల మీదికి, చెత్తకుప్పల మీదికి దిగాయి. మనకు రోజూ కనబడేవి ఇవే. అందుకే ఎక్కువయ్యాయనిపిస్తుంది.

పెనుకొండ మీదుగా పోయే హైదరాబాద్-బెంగళూరు హైవే మీద ప్రయాణించేవాళ్లు దారి పొడవునా ఎన్ని ముసలి మర్రిచెట్లు కనిపిస్తాయో చూసుకోవచ్చు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను మన జిల్లాదే. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చెట్టు. దాన్ని చూడటానికి టూరిస్టు బస్సులు వేసుకుని వెళ్తాం. ఊరి పొలిమేరలోని మామూలు మర్రిని మాత్రం కరెంటు తీగలకు అడ్డమని కొట్టేస్తాం.

రెండో దెబ్బ ఉత్తరాది నుంచి వచ్చింది. తల మీద టోపీ లేని, పొట్టితోక, ఎర్రని పిర్రలున్న రీసస్ కోతి ఒకప్పుడు గోదావరికి ఉత్తరానే ఉండేది. సింధు రాధాకృష్ణ, అనింద్య సిన్హా తమ బృందంతో కలిసి 2011లో ప్రచురించిన అధ్యయనం అది దక్షిణానికి దిగుతూ టోపీ కోతుల తావులను ఆక్రమిస్తున్న తీరును నమోదు చేసింది. దానికి మనమూ సాయం చేస్తున్నాం. ఒక ఊళ్లో బోను పెట్టి పట్టడం, లారీలో తీసుకెళ్లి ఇంకో ఊరి కొండలో వదలడం. అవతలి ఊరివాళ్లకు అది కొత్త బాధ. కోతికి తెలియని చోటు, తెగిపోయిన కుటుంబం. ఈ కోతుల్లో ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, ఈడొచ్చిన మగవి వేరే గుంపులకు పోతాయి. గుంపులో సగాన్ని ఎత్తుకెళ్లి మరోచోట పడేస్తే అమ్మమ్మ, తల్లి, కూతురు వరసే చెదిరిపోతుంది.

సిన్హా బృందం బందీపుర రోడ్డు కోతుల్లో గమనించిన ఒక సంగతి నన్ను వదలదు. సందర్శకులు తిండి విసిరే ఆ రోడ్డు పక్క కోతులు మనిషి కేసి చూస్తూ ‘కూ’ అని మెత్తగా కూస్తాయి, చెయ్యి చాస్తాయి. అందాక ఆపేస్తాయి, అందకపోతే మళ్లీ చాస్తాయి. వాటిలో అవి ఇలా చెయ్యి చాచుకోవు. మనిషిని అడగడం కోసమే పుట్టిన భాష ఇది. 2018లో ఈ పరిశోధన అచ్చయింది. గుడి మెట్ల మీద పుణ్యమని అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్ అందించిన ప్రతి చెయ్యీ ఆ పాఠం నేర్పింది. తర్వాత అదే కోతి చేతిసంచి లాక్కుంటే బోను తెమ్మంటాం. తిండి పెట్టడం దయ కాదని గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చింది.

గూడాల్ చేసిన ఇంకో పని ఇక్కడ పనికొస్తుంది. 1990ల తొలినాళ్లలో ఆమె విమానంలోంచి కిందికి చూస్తే గొంబే చుట్టూ కొండలు బోడివైపోయి ఉన్నాయి. ఊళ్లు ఆకలితో ఉంటే చింపాంజీలను కాపాడలేమని అర్థమై, 1994లో ఆ ఊళ్లతో కలిసి పని మొదలుపెట్టారు: నేలను బాగుచేయడం, నారుమడులు, వైద్యం, ఆడవాళ్లకు చిన్న అప్పులు. 2025 అక్టోబరు 1న, 91 ఏళ్ల వయసులో, ప్రసంగాల యాత్రలోనే ఆమె కన్నుమూశారు. మన దగ్గర కోతుల సమస్య కూడా శెనక్కాయ రైతు నష్టం నుంచే మొదలుకావాలి. పరిహారం లేకుండా ‘కోతిని కాపాడండి’ అని అతనికి చెప్పడం న్యాయం కాదు. ఊరి చెత్తకు మూత, రోడ్ల పక్క మళ్లీ మర్రి, రావి, మేడి, పట్టి వదలడానికి స్వస్తి. ఇవన్నీ పంచాయతీకీ మున్సిపాలిటీకీ అందే పనులే.

వీటికన్నా ముందు లెక్క కావాలి. హిందూపురం, ధర్మవరం, పెనుకొండల్లో డిగ్రీ చదివే పిల్లలు చాలు దానికి. ఒక గుంపును ఎంచుకోవాలి. చిరిగిన చెవి, తెగిన తోకకొస, ముఖం మీది మచ్చ చూసి ఒక్కొక్కదాన్ని గుర్తుపట్టి పేరు పెట్టాలి. ఎన్ని ఆడవి, ఎన్ని పిల్లలు, రాత్రి ఏ చెట్టు మీద పడుకుంటున్నాయి, మేతలో చెట్టుది ఎంత, చెత్తకుప్పది ఎంత, తలమీద టోపీ ఉందా లేదా. నోటుబుక్కు, పెన్ను, ఓపిక ఉంటే వచ్చే ఆదివారమే మొదలుపెట్టొచ్చు. మైసూరులో పాతికేళ్ల లెక్క ఉండబట్టే తరుగుదల బయటపడింది. మన మూడు ఊళ్లలో అలాంటి నోటుబుక్కు ఒక్కటైనా మొదలైతే, బోను పెట్టాలో చెట్టు నాటాలో వాదించుకునే మున్సిపల్ సమావేశంలో బల్ల మీద పెట్టడానికి ఓ కాగితం ఉంటుంది.