లంచానికి ఇంగ్లీషులో ఎన్ని ముద్దుపేర్లో!

ఇంగ్లీషు సినిమాలు చూసేవాళ్ళు ఒక సంగతి గమనించే ఉంటారు. లంచం పుచ్చుకునే పోలీసాఫీసరు గానీ, ఇచ్చే ముఠానాయకుడు గానీ ‘బ్రైబ్’ అన్న మాట సాధారణంగా నోటివెంట రానివ్వరు. ఆ మాట జడ్జీగారిది, పేపరు వాళ్ళది. ఇచ్చిపుచ్చుకునే వాళ్ళకు వేరే మాటలున్నాయి. మనకు మాత్రం లేవూ? ‘మామూలు’, ‘చేయి తడపడం’, సినిమాల పుణ్యమా అని ఇంటింటా అలవాటైపోయిన ‘ఆమ్యామ్యా’!

ఈ ముద్దుపేర్లలో ఒక తమాషా ఉంది. పేరు వింటే చాలు, ఆ డబ్బు ఏం పని చేస్తుందో చెప్పేయొచ్చు.

మనం తడుపుతాం, వాళ్ళు పూస్తారు

మనం చేయి తడిపితే, ఇంగ్లీషువాళ్ళు అరచేతికి గ్రీజు పూస్తారు. ‘గ్రీజింగ్ ది పామ్’ అంటే అదే. తుప్పు పట్టిన చక్రంలా మొరాయించే ఫైలు కదలాలంటే గ్రీజు పడాలి మరి! షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’లో బ్రూటస్ తన మిత్రుడు కాషియస్‌ని అరచేయి దురద పెడుతోందా అని దెప్పుతాడు. 1953లో వచ్చిన సినిమాలో ఆ పాత్రలు వేసింది జేమ్స్ మేసన్, జాన్ గీల్‌గుడ్.

కాంట్రాక్టు ఇప్పించినవాడికి వెనక్కి వచ్చే వాటా ‘కిక్‌బ్యాక్’. చూసింది చెప్పకుండా నోరు మూయించేది ‘హష్ మనీ’. 1972 నాటి వాటర్‌గేట్ దొంగలకు ముట్టింది ఇదే. ఆ కుంభకోణాన్ని బయటపెట్టిన విలేకరులుగా రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, డస్టిన్ హాఫ్‌మన్ నటించిన సినిమా 1976లో వచ్చింది. ఇక ‘స్లష్ ఫండ్’! తెరచాప ఓడల్లో మాంసం ఉడికించినప్పుడు పైకి తేలే జిడ్డే స్లష్. దాన్ని రేవులో అమ్మి, ఆ డబ్బుతో ఓడవాళ్ళు తమ చిన్న చిన్న అవసరాలు తీర్చుకునేవారు. ఆ జిడ్డు డబ్బే తర్వాత రాజకీయాల్లోకి పాకింది.

పాటకూ లంచమే!

వీటన్నిటిలో మన సినీ సంగీత ప్రియులకు బాగా దగ్గరైన మాట ‘పేయోలా’. ‘పే’ అంటే డబ్బివ్వడం. ‘ఓలా’ అన్న తోక ‘విక్ట్రోలా’ అనే గ్రామఫోను పేరులోంచి తెచ్చి తగిలించారు. వినడానికి ఎంత ముద్దుగా ఉందో! రికార్డు కంపెనీ రేడియోలో పాటలు వేసే డిస్క్ జాకీకి చాటుగా డబ్బిస్తుంది. అతను వాళ్ళ రికార్డునే పదే పదే వేస్తాడు. వినేవాళ్ళేమో ‘ఆహా, ఊరంతా దీన్నే మెచ్చుకుంటోంది’ అనుకుని కొనేస్తారు.

అప్పట్లో డిస్క్ జాకీల రాజు అలన్ ఫ్రీడ్. ‘రాక్ అండ్ రోల్’ అన్న పేరును లోకానికి అలవాటు చేసింది ఆయనే. 1956లో ‘రాక్ అరౌండ్ ది క్లాక్’ సినిమాలో తెరమీద కూడా కనిపించాడు. నల్లజాతి గాయకుల పాటలను తెల్లవాళ్ళు తిరగపాడిన రోజుల్లో, అసలు రికార్డులనే పట్టుబట్టి వేసిన ధైర్యశాలి. అలాంటి మనిషి పేరే 1955లో నల్లజాతి గాయకుడు చక్ బెర్రీ మొదటి రికార్డు ‘మేబెలీన్’ మీద రచయితల్లో ఒకటిగా అచ్చయింది. అంటే రాసినవాడి రాబడిలో వాటా! ఆ పేరు తొలగేసరికి 1986 వచ్చింది.

1959లో గొడవ ముదిరింది. పేయోలా తీసుకోలేదని సంతకం పెట్టమంటే ఫ్రీడ్ పెట్టనన్నాడు. న్యూయార్క్‌లో ఉద్యోగం ఊడింది. 1962లో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. పడిన జరిమానా 300 డాలర్లే. కానీ పోయిన పేరు తిరిగి రాలేదు. 1965లో 43 ఏళ్ళకే కన్నుమూశాడు. 1978లో ఆయన మీద ‘అమెరికన్ హాట్ వాక్స్’ అనే సినిమా తీశారు.

1960లో అమెరికా చేసిన చట్టంలో కిటుకు చూడండి. డబ్బు తీసుకుని పాట వేస్తే, ఆ ముక్క శ్రోతలకు చెప్పి తీరాలి. చెప్పకపోతే నేరం! అంటే తప్పంతా దాచడంలోనే ఉందన్నమాట. గ్రీజు, జిడ్డు, ఓలా... ఈ ముద్దుపేర్లు చేసే పనీ దాచడమే కదా! అయినా జబ్బు నయం కాలేదు. 2005లో సోనీ బీఎంజీ కంపెనీ ఇదే వ్యవహారంలో కోటి డాలర్లు చెల్లించి రాజీపడింది.

డబ్బిచ్చుకోలేని గాయకుడి పాట పెట్టెలోనే ఉండిపోతుంది. అది ఎంత గొప్ప పాటో మనకు తెలియనే తెలియదు. అసలు నష్టం అక్కడుంది. అందుకే ఏ పాటైనా పొద్దస్తమానం చెవిలో హోరెత్తిస్తుంటే ఒక్క క్షణం ఆగి, మిమ్మల్ని మీరే అడగండి... ఇది నాకు నచ్చిందా, లేక ఎవరైనా నచ్చేలా చేశారా?