మూర్ఛవ్యాధి: రోగియు, మిత్రులును తెలుసుకొనవలసినవి

తెలుగులో మూర్ఛ అనీ, ఉర్దూలో మిర్గీ అనీ పిలువబడే ఈ వ్యాధిని మన కుటుంబాలు నేటికీ రహస్యంగా దాచుకొంటున్నవి. దయ్యమనీ, శాపమనీ భావించి భూతవైద్యులను ఆశ్రయించేవారూ ఉన్నారు. కాని దీనికి మూలం మెదడేనని హిపోక్రటీస్ పేర వెలసిన గ్రీకు వైద్యగ్రంథం క్రీ.పూ. 400 ప్రాంతంలోనే చెప్పింది. ఇది అంటువ్యాధి కాదు.

మన మెదడులోని కణాలు సూక్ష్మ విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. అనేక కణాలు ఒక్కసారిగా అదుపు తప్పినప్పుడు మూర్ఛ వస్తుంది. కొందరు స్పృహ తప్పి కాళ్లు చేతులు కొట్టుకొంటారు. మరికొందరు కొద్ది క్షణాలు శూన్యదృష్టితో నిలిచిపోతారు. అట్టి బాలుని పరధ్యానమని దండించడం అన్యాయం. తలకు దెబ్బ తగలడం, మెదడువాపు, ఆహారంతో లోనికి చేరిన బద్దెపురుగు గుడ్లవల్ల మెదడులో తిత్తులేర్పడడం కొన్ని కారణాలు. అనేకుల విషయంలో కారణం తెలియరాదు.

ప్రపంచంలో సుమారు 5 కోట్లమందికి ఈ వ్యాధి ఉన్నది. తగిన చికిత్స లభిస్తే నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేకుండా జీవించగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 1912లో వాడుకలోకి వచ్చిన ఫినోబార్బిటోన్ నేటికీ చౌకగా దొరికే మందు. అయితే, కొన్ని నెలలు మూర్ఛ రాలేదు గదా అని మాత్రలు హఠాత్తుగా మానినచో మూర్ఛలు తీవ్రరూపంలో తిరిగి రావచ్చు, ప్రాణాపాయమూ కలుగవచ్చు. పరీక్షల రాత్రులలో నిద్ర మానరాదు. రోజాలు, ఉపవాసాలు పాటింపదలచినవారు మందువేళలను గూర్చి ముందుగానే వైద్యుని సంప్రదించాలి. గర్భవతులు కూడా వైద్యుని సలహా లేక మందు మానరాదు.

మన కళ్లెదుట ఎవరికైనా మూర్ఛ వచ్చినచో చేయవలసినది స్వల్పమే. దగ్గరనున్న గట్టి వస్తువులను తొలగించి, తల క్రింద మెత్తని గుడ్డ ఉంచి, మెడచుట్టూ బిగువుగా ఉన్న దుస్తులు వదులు చేయాలి. వీలైన వెంటనే ప్రక్కకు ఒత్తిగిల్లజేయాలి. కాళ్లు చేతులు అదిమి పట్టరాదు. నోటిలో చెంచా గాని, నీరు గాని పెట్టరాదు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం నిష్ప్రయోజనం. గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మరల వచ్చినా ఆసుపత్రికి చేర్చాలి.

పూర్వం హిందూ వివాహ చట్టంలోనూ, ప్రత్యేక వివాహ చట్టంలోనూ మూర్ఛ వివాహానికి అడ్డంకిగా ఉండేది. 1999లో ఆ మాటను తొలగించారు. చట్టం మారినంత త్వరగా మన మనసులు మారలేదు. తరగతిలో నవ్వులపాలవుదునన్న భయంతో వ్యాధిని దాచే విద్యార్థి, హాస్టలులో మాత్రను కూడా దాచి, తుదకు మానివేస్తాడు. అతడు నిర్భయంగా మాత్ర మింగగలిగే కళాశాలగా దీనిని నిలుపుకొనుట విద్యార్థులమైన మన కర్తవ్యం. ప్రథమ చికిత్సా విధానాన్ని ఉర్దూ, తెలుగు భాషలలో ప్రతి తరగతి గోడపై వ్రాయించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము.