పథ్యం పేరుతో పస్తులొద్దు!

'గుడ్డు, మాంసం ముట్టుకోకు. పప్పు తింటే కుట్లు చీము పడతాయి. నెల్రోజులు చారన్నమే తిను'... ఊర్నుంచి పిన్ని ఫోన్లో చెప్పిన పథ్యం ఇది. బాబాయ్ తు.చ. తప్పకుండా పాటించాడు. పదిహేను రోజుల్లో ఏడు కిలోలు తగ్గాడు. లేచి నాలుగడుగులు వేస్తే కళ్లు తిరగడం మొదలైంది.

బాబాయ్ అంటే సొంత బాబాయ్ కాదు. బ్రాంప్టన్‌లో నేనుండే బేస్‌మెంట్‌లోనే ఉంటాడు. ఇరవై ఏళ్లుగా పెయింటింగ్ పని, పైగా సిగరెట్లు. రెండూ మూత్రాశయ క్యాన్సర్ ముప్పును పెంచేవే. మూత్రంలో రక్తం పడినా నొప్పి లేదు కదా అని మూడు నెలలు ఊరుకున్నాడు. చివరికి మూత్రాశయం తీసేసి, చిన్నపేగు ముక్కతో దారి కట్టి, పొట్ట మీద సంచి అమర్చారు.

నేను సైటు సూపర్‌వైజర్ని. కాంక్రీటు పోశాక క్యూరింగ్ సరిగా చేయకపోతే ఏమవుతుందో తెలుసు. ఒంటి సంగతి తెలీక డైటీషియన్‌ని అడిగాం.

ఆవిడ చెప్పిందేమిటంటే, చీము పట్టించేది సూక్ష్మక్రిములే గానీ పప్పూ గుడ్డూ కాదు. కోతలు మానాలంటే మాంసకృత్తులే ఆధారం. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి. అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో ఉండేది 6, గ్లాసు పాలలో 8. వండిన కోడిమాంసం 100 గ్రాములు తింటే 25 పైనే. చారన్నంతో ఈ లెక్క తేలుతుందా?

పేగు కోసి అతికించారు కాబట్టి మొదటి కొన్ని వారాలు జాగ్రత్త తప్పదు. మూడు పూటల భోజనాన్ని ఐదారుసార్లుగా తినాలి. పచ్చి కూరలు, తొక్కలు, వేపుళ్లు, కారం తగ్గించాలి. మెత్తటి పెసరపప్పు అన్నం, పెరుగు, ఉడికించిన గుడ్డు, పాలు పోసిన రాగిజావ, కారం లేని చేప బాగా పడతాయి. తినలేని రోజున మందుల షాపుల్లో దొరికే ఎన్ష్యూర్, బూస్ట్ తాగొచ్చు (ఇక్కడి బూస్ట్ మన ఊరి బూస్ట్ కాదండోయ్!). షుగరుంటే డాక్టర్నడిగి తాగాలి. గుండె, కిడ్నీ జబ్బుల్లేకపోతే రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు తాగాలి. వాడిన పేగు ముక్కను బట్టి కొన్నేళ్లకు బి12 తగ్గొచ్చు, రక్తపరీక్ష మరవొద్దు. పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ పోకపోతే మాత్రం వంటింటి వైద్యం మాని ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఆంటారియో, బ్రిటిష్ కొలంబియాల్లో ఉన్నవాళ్లు 811కు ఫోన్ చేస్తే డైటీషియన్‌తో ఉచితంగా మాట్లాడొచ్చు. ఇంగ్లీషు రాదని జంకొద్దు, అనువాదకుడు కావాలని అడగండి.

ఆ రాత్రే పిన్నికి ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. 'ఆయన మంచికేగా నాయనా చెప్పింది' అంది. నిజమే, ప్రేమతోనే చెప్పింది. మర్నాడు తనే ఫోన్ చేసి పెసరపప్పు మెత్తగా ఎలా ఉడికించాలో నాకు నేర్పింది. బాబాయ్ పోయిన బరువులో మూడు కిలోలు మళ్లీ పెరిగాడు.