కన్ఫర్మేషనునకు బిడ్డలను సిద్ధపరచుట

పసితనమున బాప్తిస్మము పొందిన బిడ్డ తన నోట ఏ వాగ్దానమును చేసియుండలేదు. తల్లిదండ్రులును, జ్ఞానతల్లిదండ్రులును ఆ బిడ్డ పక్షమున పలికిరి. వయసు వచ్చిన పిమ్మట సంఘము నెదుట నిలిచి, ఆ వాగ్దానము తనదే యని బిడ్డ తానుగా ఒప్పుకొనుటయే కన్ఫర్మేషను. 1947 సెప్టెంబరు 27వ తేదీన ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో బిషప్పుగారు తలపై చేతులుంచి ప్రార్థింతురు. లూథరను సంఘములలో సాధారణముగా పాదిరిగారే దీనిని జరుపుదురు. కతోలికులు దీనిని భద్రమైన అభ్యంగన మని పిలిచి, నొసట పరిశుద్ధ తైలము పూయుదురు. బాప్తిస్టులు శిశువులకు బాప్తిస్మ మియ్యరు గనుక వారిలో నీ యాచారము లేదు.

పాఠములు చెప్పుట పాదిరిగారి పని యని మనలో పెక్కండ్రు ఊరకుందురు. కాని 1529లో మార్టిన్ లూథరు తన చిన్న ప్రశ్నోత్తరిని వ్రాసినప్పుడు, అందలి భాగములను ఇంటి యజమానుడు ఇంటివారికి నేర్పవలె నని తలచెను. పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణము, ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలగువానిని చెప్పి, ప్రతిదాని వెంట దాని భావమేమని అడిగెను. కంఠపాఠ మొక్కటియే చాలదని దీనివలన తెలియుచున్నది.

కావున బిడ్డ వంటయింట మనకు సాయపడునప్పుడు ఒక ఆజ్ఞను గూర్చి ముచ్చటింపవచ్చును. అంగడివాడు పొరపాటున ఎక్కువ చిల్లర యిచ్చినచో ఏమి చేయుదువని అడుగుడు. దొంగతనమును గూర్చిన ఆజ్ఞ అప్పుడు పుస్తకము వదలి యింటిలోనికి వచ్చును. బిడ్డ సందేహము లడిగినచో కసరకుడు. మనకు తెలియనిచో, పాదిరిగారి నడిగి తెలిసికొంద మనుట తల్లికి చిన్నతనము కాదు.

ఇక కష్టమైన సంగతి. దినము దగ్గరపడగా, "అమ్మా, నేనింకను సిద్ధముగా లేను" అని బిడ్డ చెప్పవచ్చును. తోడివారందరు నిలుచుచుండ మన బిడ్డ నిలువకున్న నలుగురేమందురో యని మన గుండె ఝల్లుమనును. బెదరించి పంపినచో బిడ్డ పెదవులు పలుకును గాని, ఆ మాట మరల మనదే యగును. పసితనమున మనము పలికినదానికి క్రొత్తగా చేరినదేమియు నుండదు. అట్టి బిడ్డను పాదిరిగారితో ఏకాంతముగా మాటలాడనిండు. అవసరమైనచో మరుసటి తరగతివరకు ఆగనిండు. ఆలస్యమును అవిశ్వాస మని తలంపకుడు.

క్రొత్త చీర కొరకును విందు కొరకును అప్పు చేయుట అనవసరము. ఉతికిన బట్ట చాలును. ఆ సొమ్ముతో ఒక బైబిలును కొని, బిడ్డ పేరు వ్రాసి చేతికిచ్చుట మేలని మా యభిప్రాయము.

కన్ఫర్మేషను ముగిసినంత మాత్రమున మన పని తీరదు. మరుసటి ఆదివారమును, అటుపిమ్మటి ఆదివారమును, బిడ్డ ప్రక్కన మనమును గుడిలో కూర్చుండవలెను.