బండి ఇస్తారు సరే... డీజిల్ ఎవరు పోస్తారు?

అత్తిలి సెంటర్లో ఓ సేవాసంస్థ కొత్త అంబులెన్స్‌కి కొబ్బరికాయ కొడుతోందనుకోండి. బండి మీద దాత పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, అందరూ ఫొటోలు దిగుతారు. ఆర్నెల్లు పోయాక ఆ బండి డ్రైవరుకి జీతం ఎవరిస్తున్నారు? ఇలాంటి సంస్థలో ఉద్యోగానికి అప్లై చేసే ముందు మీరు తెలుసుకోవాల్సింది అదే.

లెక్క వేద్దాం. రోజుకి వంద కిలోమీటర్లు, లీటరుకి పది చొప్పున నెలకి 300 లీటర్లు. లీటరు వంద అనుకుంటే 30 వేలు. 24 గంటలూ నడవాలంటే మూడు షిఫ్టులు, సెలవులకి ఇంకొకరు. అంటే నలుగురు డ్రైవర్లు, నలుగురు టెక్నీషియన్లు. తలకి 15 వేలే అనుకున్నా లక్షా 20 వేలు. టైర్లు, ఆక్సిజన్, బీమా ఇంకా కలపనే లేదు, అప్పుడే ఏడాదికి 18 లక్షలయ్యింది! బండి ఒకసారి కొంటే చాలు. ఈ ఖర్చు మాత్రం ప్రతి ఒకటో తారీఖుకీ తలుపు కొడుతుంది.

108 కథే చూడండి. మన భీమవరం ప్రాంతానికి చెందిన సత్యం రామలింగరాజు లాభాపేక్ష లేని సంస్థగా ఈఎంఆర్ఐని పెట్టారు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో సేవలు మొదలయ్యాయి. 2009 జనవరి 7న సత్యం లెక్కల్లో మోసం జరిగిందని ఆయనే లేఖ రాశారు. డబ్బంతా ఆ ఒక్క దాత నుంచే వస్తుంటే 108 ఏమయ్యేదో ఊహించుకోండి. కానీ అప్పటికే నిర్వహణ ఖర్చులో సింహభాగం ప్రభుత్వానిది కావడంతో బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. అదే ఏడాది జీవీకే బాధ్యత తీసుకుంది. అలాగని ప్రభుత్వ సొమ్మొక్కటే నమ్ముకున్నా చిక్కే, బిల్లు ఆగితే జీతమూ ఆగుతుంది.

బీటెక్ నాలుగేళ్లలో నేను బ్యాలెన్స్ షీట్ మొహం చూస్తే ఒట్టు. మీరలా చేయకండి. ఆడిట్ అయిన లెక్కలు అడగండి. మొత్తం రాబడిలో పెద్ద దాత వాటా ఎంత? సీఎస్ఆర్ గ్రాంటు ఉంటే అది బండి కొనడానికా, జీతాలకి కూడా వాడుకోవచ్చా? ఒక పనికని ఇచ్చిన డబ్బు ఇంకో పనికి మళ్లించడం కుదరదు. బ్యాంకులో ఎన్ని నెలల ఖర్చుకి సరిపడా ఉంది? మన లెక్కలో మూడు నెలలకే నాలుగున్నర లక్షలు కావాలి.

80జీ ఉందా అనీ చూడండి. దాతలకి పన్ను మినహాయింపు దాంతోనే వస్తుంది, అదీ రెండు వేలు దాటిన నగదుకి వర్తించదు. హుండీ పెట్టి నోట్లు పోగేసే సంస్థకి పెద్ద దాతలు దొరక్కపోవడానికి ఇదో కారణం. ఆన్‌లైన్ చెల్లింపులు, రసీదులు, ట్రిప్పుల వారీ డీజిల్ లెక్క... ఇవన్నీ ఒక చోట చేర్చగలిగితే ఇంటర్వ్యూలో ఆ పనే చూపించండి.